చుక్క లెక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

బడి జ్ఞాపకాలు చెప్పమని నన్ను పిలిచారు. వాటిని నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్లకు పైగా పంపులు, పైపులు, వాల్వుల మధ్య బతికిన ఇంజినీరును. అందుకని నాకు తెలిసిన సంగతే మీతో పంచుకుంటాను.

రెండు మూడేళ్లుగా మనవాళ్లు సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "రిటైర్మెంటు డబ్బు కొంత చేతికొచ్చింది. ఊళ్లో ఎకరం చెలక ఉంది, బోరు ఉంది. పాలీహౌస్ వేసి, డ్రిప్పు పెట్టి, జీవామృతంతో టమాట పండిద్దామనుకుంటున్నా. ఏమంటవ్?" అడిగేవాళ్లలో బ్యాంకులో చేసినవాళ్లున్నారు, ఆర్టీసీలో చేసినవాళ్లున్నారు, మన సార్లు కూడా ఒకరిద్దరు ఉన్నారు. ముప్పై ఏళ్ల జీతంలోంచి మిగిల్చిన సొమ్ము అది. పోతే మళ్లీ సంపాదించే వయసు కాదు. కాబట్టి ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పే జవాబును ఈ రోజు అందరికీ ఒకేసారి చెప్తాను.

నా జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, చెయ్యండి, కాని వరస మార్చండి. అందరూ పైకప్పుతో మొదలుపెడుతున్నారు. నీళ్ల లెక్కతో మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఎరువు లెక్క. ఆ రెండూ కలిసి పారడానికి ఫిల్టరు. పైకప్పు సంగతి ఆఖర్న.

ముందు నీళ్లు. మన మిర్యాలగూడను, కోదాడను పెంచింది సాగర్ ఎడమ కాల్వ. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ గారు కాల్వలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు వచ్చాకే మిర్యాలగూడ చుట్టూ ఇన్ని రైసు మిల్లులు లేచాయి, కోదాడ దాకా వరి పరుచుకుంది. మనలో చాలామంది ఫీజులు ఆ వడ్ల డబ్బుతోనే కట్టారు. ఆ కాల్వను నేను చిన్నబుచ్చను. కాని కాల్వ మనకు ఒక అలవాటు నేర్పింది. నీళ్లంటే మడి నిండాలి, గట్టు తొణకాలి. తూము ఎత్తినప్పుడు వచ్చినన్ని పెట్టుకోవాలి. ఎన్ని లీటర్లు పెట్టావు అని వరి రైతును ఎవరూ అడగరు.

చెలక సంగతి వేరు. కాల్వ ఎక్కని ఎర్ర నేల అది, దానికి బోరే దిక్కు. అక్కడ మడి నింపినట్టు నీళ్లు పెడితే సగం నీళ్లు వేరు కిందికి దిగిపోతాయి. ఈ సంగతి మన నల్లగొండ బత్తాయి రైతులకు ఎప్పుడో తెలుసు. చెట్టు మొదట్లో డ్రిప్పు పెట్టి తోటలు బతికించుకున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నవంబరులో సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. తెలంగాణ వచ్చాక డ్రిప్పు మీద ఎస్సీ, ఎస్టీ రైతులకు 100 శాతం, బీసీలకు, సన్న చిన్నకారు రైతులకు 90 శాతం, మిగతా వాళ్లకు 80 శాతం రాయితీ పెట్టారు. డ్రిప్పు మనకు కొత్త కాదు. కొత్తల్లా దాన్ని కొలతతో వాడటమే.

ఒక ఎకరం టమాటకు లెక్క వేద్దాం. ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. అందులో దగ్గర దగ్గర 10,000 మొక్కలు పడతాయి. పందిరికి తాళ్లు కట్టి పెంచే టమాట నిండు కాపు మీద ఉన్నప్పుడు రోజుకు 4 మిల్లీమీటర్ల నీళ్లు తాగుతుందనుకోండి. అంటే ఎకరానికి 16,000 లీటర్లు, మొక్కకు లీటరున్నర పైచిలుకు. అంతకు మించి పోస్తే మొక్కకు మేలు లేదు, కరెంటు దండగ.

ఇప్పుడు పైపుల లెక్క. బెడ్డుకు బెడ్డుకు మధ్య మీటరున్నర దూరం, ఒక్కో బెడ్డు మీద రెండు లేటరల్ పైపులు. ఎకరానికి 5,300 మీటర్లకు పైగా పైపు పడుతుంది. చెలక నేలలో తడి పక్కకు పాకదు, నేరుగా కిందికి దిగుతుంది. అందుకని డ్రిప్పర్లు దగ్గర దగ్గరగా, 40 సెంటీమీటర్లకు ఒకటి ఉండాలి. మొత్తం 13,000 పైచిలుకు డ్రిప్పర్లు. ఒక్కోటి గంటకు 2 లీటర్లు వదిలితే అన్నీ కలిసి గంటకు 26,000 లీటర్లకు పైగా అడుగుతాయి. మీ బోరు గంటకు 5,000 లీటర్లు పోస్తుందనుకుందాం. అన్ని వాల్వులూ ఒకేసారి తిప్పితే ఏమవుతుంది? పైపులో ఒత్తిడి నిలవదు. ముందు వరసలకు ధార, చివరి వరసలకు చెమ్మ. కాల్వ చివరి భూముల కథే మన తోటలో మళ్లీ మొదలవుతుంది.

అందుకని తోటను ఆరు భాగాలు చెయ్యాలి. ఒక్కో భాగానికి 36 నిమిషాలు. మొత్తం మూడు గంటల 36 నిమిషాల్లో ఎకరమంతా సమానంగా తడుస్తుంది. ఎండ ఎక్కువున్న రోజుల్లో ఆ 36 నిమిషాలనే పొద్దున సగం, మధ్యాహ్నం సగం ఇవ్వండి. ఒక రోజు ఎండబెట్టి మరో రోజు ముంచితే టమాట కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు. అది తెగులు కాదు. నీళ్లు ఒక తీరున అందక కాయ కొసకు కాల్షియం చేరకపోవడం.

ఇక ఎరువు. ఇక్కడ నేను కొందరికి నచ్చని లెక్క చెప్పబోతున్నాను. జీవామృతం మీద నాకు గౌరవం ఉంది. సుభాష్ పాలేకర్ గారు దాన్ని ఊరూరికీ తీసుకెళ్లారు. పక్క రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి సేద్యాన్ని పెద్ద ఎత్తున నడుపుతోంది. ఆ 200 లీటర్ల డ్రమ్ములో ఏముంటుంది? 10 కిలోల ఆవు పెండ, 10 లీటర్ల దాకా మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. అందులో నత్రజని ఎంతో వెతుకుదాం. పచ్చి పెండలో 40, 50 గ్రాములు. మూత్రంలో ఎక్కువలో ఎక్కువ 100 గ్రాములు. శనగపిండిలో 70 గ్రాములు. అన్నీ కలిపి పావు కిలో కూడా లేదు. పదిహేను రోజులకు ఒక డ్రమ్ము చొప్పున అయిదు నెలల పంటకు పది డ్రమ్ములు పోస్తాం. మొత్తం రెండు కిలోల పైచిలుకు నత్రజని.

మరి పంట ఎంత అడుగుతుంది? టన్ను టమాట పండాలంటే మొక్క రెండున్నర నుంచి మూడు కిలోల నత్రజని తీసుకుంటుంది. ఎకరానికి 30 టన్నులు ఆశపడితే 80 కిలోలు కావాలి. పొటాష్ అంతకంటే ఎక్కువ, 120 కిలోల దాకా. 80 కిలోలు అడిగే పంటకు రెండు కిలోలు ఇచ్చి, మిగతాది నేల చూసుకుంటుందిలే అనుకుంటే మొదటి ఏడు నేల చూసుకోవచ్చు. రెండో ఏడు మనవైపు చూస్తుంది.

జీవామృతం పనికిరాదని కాదు నేను చెప్పేది. అది తోడు. ఇంట్లో పెరుగు తోడు వేస్తాం కదా, చెంచాడు చాలు గిన్నెడు పాలు పెరుగవుతాయి. కాని గిన్నెలో పాలుండాలి. ఖాళీ గిన్నెలో ఎన్ని చెంచాల తోడు వేసినా పెరుగు కాదు. జీవామృతం ఎరువు కాదు, సూక్ష్మజీవులను పెంచే తోడు అని దాన్ని ప్రచారం చేసినవాళ్లే చెప్పారు. విన్నవాళ్లు ఆ ముక్క మర్చిపోయారు.

ఆ గిన్నెలో పాలు ఏవి? దుక్కిలో బాగా మాగిన పశువుల ఎరువు 10 టన్నులు వేస్తే అందులో 50 కిలోల నత్రజని ఉంటుంది. మొదటి పంటకు అందులో సగం అందినా 25 కిలోలు. 200 కిలోల వేపపిండిలో 10 కిలోలు. 300 కిలోల పల్లి చెక్కలో 20 కిలోలు. ఈ చెక్కను ఒకేసారి వెయ్యకుండా వారం వారం కొంత నానబెట్టి, వడగట్టి డ్రిప్పులో ఇస్తే అది నిజమైన ద్రవ ఎరువు. అన్నీ కలిపితే 55 కిలోలు. అంటే సేంద్రియంగా చేసేవాళ్లు 30 టన్నులకు కాదు, 20 టన్నులకు లెక్క వేసుకోవాలి. అప్పు చేసినా, ఖర్చు పెట్టినా ఆ 20 టన్నుల మీదే చెయ్యండి. పైన వస్తే సంతోషం. పొటాష్ సంగతి మాత్రం మట్టి పరీక్ష చేయించకుండా తేల్చుకోవద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. డ్రిప్పుకు, పెండ నీళ్లకు పుట్టు వైరం. డ్రిప్పర్ లోపల నీళ్లు నడిచే దారి మిల్లీమీటరు, అంతకన్నా సన్నం. ఆ దారిలో పదో వంతు సైజున్న నలుసు కూడా లోపలికి పోకూడదన్నది మా వృత్తిలో పాత లెక్క. పాత చీర మడతలో వడగట్టిన జీవామృతంలో అంతకంటే పెద్ద పీచులు లక్షలు ఉంటాయి. పైగా అందులో బెల్లం ఉంది. పైపులో మిగిలిన తీపి మీద సూక్ష్మజీవులు జిగురు కడతాయి. ఆ జిగురుకు మన బోరు నీళ్ల తెల్ల సున్నం తోడైతే సిమెంటులా గట్టిపడుతుంది.

మన బడి మిత్రుడొకరి తోటకు రెండేళ్ల కింద వెళ్లాను. మొదటి పూత మీద ఉంది. చివరి నాలుగు వరసలు వాడిపోయి ఉన్నాయి. తెగులనుకుని అప్పటికే మూడు రకాల మందులు కొట్టారు. నేను మొక్కను చూడలేదు, పైపు కోసి చూశాను. లోపల గోధుమ రంగు జిగురు, దాని మీద తెల్ల పొర. మొక్కలకు రోగం లేదు, దాహం. తోట వేసి ఇచ్చినవాళ్లు పైకప్పుకు లక్షలు తీసుకుని, ఫిల్టరు దగ్గర కొన్ని వేలు మిగుల్చుకున్నారు. ఆ మిత్రుడు ఈ సభలోనే ఉన్నాడు. ఇప్పుడు తోట బాగుంది, ఆయన అనుమతితోనే చెప్తున్నాను.

అందుకని కొన్ని పద్ధతులు రాసుకోండి. ఒకటి, ద్రవ ఎరువు డ్రమ్ముకు నల్లా అడుగున పెట్టకండి. జానెడు పైన పెట్టండి. ఒక రోజంతా కదపకుండా ఉంచితే మడ్డి కిందే ఉండిపోతుంది. రెండు, ముందు గుడ్డలో, తర్వాత 80 మెష్ జాలిలో, ఆ తర్వాత 120 మెష్ జాలిలో వడగట్టండి. మూడు, వెంచురిని ఎప్పుడూ ఫిల్టరుకు ముందు బిగించండి, తర్వాత కాదు. అప్పుడు ఎరువు కూడా ఫిల్టరు దాటే లోపలికి పోతుంది. నాలుగు, ఎరువు ఇచ్చే రోజు ఆ 36 నిమిషాలను మూడు పాళ్లు చెయ్యండి. మొదటి పాలు ఉత్త నీళ్లు, నడిమి పాలు ఎరువు, ఆఖరి పాలు మళ్లీ ఉత్త నీళ్లు. ఆఖరి పాలు ఎగ్గొడితే జిగురు కట్టినట్టే. అయిదు, ఫిల్టరుకు అటు ఒకటి, ఇటు ఒకటి ప్రెషర్ మీటర్లు పెట్టండి. రెండింటికీ తేడా అర కిలో దాటితే ఫిల్టరు కడగాలి. ఆరు, వారానికోసారి లేటరల్ పైపుల కొసలు విప్పి నీళ్లు తేటగా వచ్చేదాకా వదలండి.

సున్నం కట్టే నీళ్లున్న చోట పైపుల్లో యాసిడ్ శుద్ధి కూడా చెయ్యాల్సి వస్తుంది. తెలిసినవాళ్లను దగ్గర పెట్టుకునే చెయ్యండి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఈ మాట మన కెమిస్ట్రీ ల్యాబ్‌లో గోడ మీద రాసి ఉండేది, అందరికీ గుర్తుండే ఉంటుంది. జీవామృతం ఇచ్చే రోజు, యాసిడ్ పెట్టే రోజు ఒకటి కాకూడదు. పోసిన సూక్ష్మజీవులను మనమే చంపుకున్నట్టవుతుంది. ఇంకో సంగతి. పెండతో చేసిన ద్రవం కాయ మీద పడకూడదు. కోతకొచ్చిన తోటలో పిచికారీ చెయ్యవద్దు. టమాటను పచ్చిగా కూడా తింటారు.

చివరికి పైకప్పు. పాలీహౌస్ చల్లని దేశాల్లో వెచ్చదనం కోసం పుట్టింది. మన సూర్యాపేటలో వెచ్చదనానికి కరువా? మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు ఉంటుంది. ప్లాస్టిక్ కప్పు కింద ఇంకా ఎక్కువ. పగలు 35 దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాట పూత రాలిపోతుంది. కాబట్టి మన దగ్గర పాలీహౌస్ ఎండాకాలం పంట ఇస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సెప్టెంబరు, అక్టోబరులో నాటి, డిసెంబరు నుంచి మార్చి దాకా కోసుకునేదే మన పంట.

లోపల గాలి ఆడదు, తేనెటీగలు రావు. పొద్దున తొమ్మిది, పదకొండు గంటల మధ్య పందిరి తీగలను తట్టి పుప్పొడి రాల్చాలి. ఒకే నేలలో ఏటేటా టమాట, కీర, క్యాప్సికం తిప్పితే వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులు పెరుగుతాయి. వేపపిండి, మధ్యలో ఒక బంతి పంట వాటిని కొంత ఆపుతాయి.

ఖర్చు సంగతి. 2014 నాటి కేంద్ర ఉద్యాన పథకం లెక్కల ప్రకారమే పెద్ద పాలీహౌస్‌కు చదరపు మీటరుకు 844 రూపాయలు. ఎకరానికి 33 లక్షలు దాటుతుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో 75 శాతం రాయితీ ఇచ్చారు కాబట్టి చాలామంది ధైర్యం చేశారు. రాయితీ లేకుండా ఆ లెక్క ఎవరికీ పొసగదు. ఇక ధర. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాట కిలో వంద దాటి పరుగెత్తింది. రెండు నెలలు తిరిగేసరికి రైతులు టమాటను రోడ్డు పక్కన పారబోశారు. జులై ధర చూసి 33 లక్షలు పెట్టేవాడికి సెప్టెంబరు ధర కూడా చూపించాలి.

మన ప్రాంతంలో టమాటకు వేడి కన్నా పెద్ద శత్రువు ఆకుముడత. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. ఆ దోమను ఆపడానికి ప్లాస్టిక్ కప్పు అక్కర్లేదు, సన్న కన్నాల దోమతెర చాలు. కాబట్టి నా సలహా ఇది. మొదటి ఏడు పది గుంటల్లో మంచి ఫిల్టరుతో డ్రిప్పు పెట్టి ఆరుబయట పండించండి. రెండో ఏడు దోమతెర కట్టండి. మీ చేతి రాత పుస్తకంలో రెండేళ్ల లెక్క కనపడ్డాక, అప్పుడు పాలీహౌస్ గురించి ఆలోచించండి.

ఆ లెక్క ఎక్కడ చూసుకోవాలి అంటారా? దానికే నాదొక ప్రతిపాదన. స్వర్ణోత్సవం గుర్తుగా గేటు దగ్గర స్వాగత తోరణం కట్టాలని కమిటీ అనుకుంటోంది. కట్టండి, నేను వద్దనను. దానితోపాటు బడి వెనక ఖాళీ జాగాలో రెండు గుంటలు అడుగుతున్నాను. ఒక గుంట ఆరుబయట, ఒక గుంట దోమతెర కింద. రెండింటికీ ఒకే నారు, ఒకే ఎరువు. గుంటకు 250 మొక్కలు. మొత్తానికి రోజుకు 800 లీటర్ల నీళ్లు చాలు. మూడు మీటర్ల ఎత్తున వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే పంపు లేకుండానే డ్రిప్పు నడుస్తుంది.

పిల్లలు చేసే పని చెప్తాను. శనివారం శనివారం 12 డ్రిప్పర్ల కింద 12 గ్లాసులు పెట్టాలి. మూడు నిమిషాలు ఆగి, ల్యాబ్‌లోని కొలజాడీతో ఒక్కో గ్లాసు కొలవాలి. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్‌కు పూర్తి ఒత్తిడి ఉంటే 100 మిల్లీలీటర్లు రావాలి. ట్యాంకు నీళ్లు కాబట్టి కొంత తగ్గుతుంది, ఫరవాలేదు. అన్నిటికంటే తక్కువ పడ్డ మూడు గ్లాసుల సగటును మొత్తం సగటుతో భాగించాలి. 0.9 దాటితే పైపులు బాగున్నట్టు. 0.8 కన్నా దిగితే ఎక్కడో పూడుతున్నట్టు. ఏడో తరగతి పిల్లలు చెయ్యగల భాగహారం ఇది. దీన్నే మేం ఇంజినీర్లం పెద్ద పేరు పెట్టి రిపోర్టుల్లో రాస్తాం.

ఆ సంఖ్య, ఆ వారం పోసిన నీళ్లు, ఇచ్చిన ఎరువు, కోసిన కిలోలు, ఆ రోజు మార్కెట్ ధర, అన్నీ ఒక రిజిస్టరులో ఎక్కాలి. కాయలు మధ్యాహ్న భోజనానికి పోతాయి. రెండేళ్లు గడిచాక మనవాళ్లు ఎవరు పాలీహౌస్ వెయ్యాలనుకున్నా, డబ్బు తియ్యకముందు వచ్చి ఆ రిజిస్టరు తిరగెయ్యాలి. మన నేల మీద, మన నీళ్లతో, మన ఎండలో రాసిన లెక్క అది. ఏ కంపెనీ పుస్తకంలోనూ దొరకదు.

హెడ్మాస్టరు గారు జాగా ఇస్తే, సైన్సు టీచర్లు సరే అంటే, ట్యాంకు, ఫిల్టరు, పైపులు, దోమతెర ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. బిగించే పని నాది. తర్వాత ఏటా రెండుసార్లు వచ్చి పైపులు కడిగే పూచీ కూడా నాదే. రిజిస్టరు మాత్రం పిల్లలే రాయాలి. పెద్దవాళ్లం రాస్తే 0.78 ని 0.8 చేస్తాం.

 నమస్కారం.